కొండ మీద సెలవులు, మానేసిన మాత్ర

వేసవి దగ్గర పడుతోందంటే నాకు ఒకే తరహా ప్రశ్నలు వస్తూ ఉంటాయి. "డాక్టరుగారూ, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళుతున్నాము. ఏయే మందులు వెంట తీసుకొని వెళ్ళమంటారు?" అని పెద్దలు అడుగుతారు. జ్వరానికి, దగ్గుకు, విరేచనాలకు మందుల పట్టిక రాసి ఇవ్వటం కష్టమైన పని కాదు. అయితే మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి, పదవీ విరమణ తరువాత నాలుగైదు సార్లు పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చిన అనుభవంతో నేను చెప్పవలసినది మరొకటి ఉంది. ప్రయాణాలలో పెద్దవారు ఎక్కువగా ఇబ్బంది పడేది, సంచిలో ఉండి కూడా వేసుకోని మందుల వలన.

గత సంవత్సరం జూన్ నెలలో మా కుటుంబమంతా కలిసి కాలిఫోర్నియాలోని ఒక కొండ ప్రాంతంలో సెలవులు గడపటానికి వెళ్ళాము. అక్కడ జరిగిన ఒక సంఘటనను, దాని వెనుక ఉన్న వైద్య విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది మా వియ్యంకుడుగారికి సంబంధించిన సంగతి. "నలుగురికీ ఉపయోగపడుతుందంటే తప్పకుండా రాయండి బావగారూ" అని ఆయన అనుమతి ఇచ్చిన తరువాతనే రాస్తున్నాను.

మేము వెళ్ళిన చోటు

మా అబ్బాయి లాస్ ఏంజిలిస్‌కు దగ్గరలోని అర్వైన్ పట్టణంలో ఉంటాడు. అక్కడి నుండి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో శాన్ బెర్నార్డినో కొండలలో బిగ్ బేర్ లేక్ అనే సరస్సు, అదే పేరుతో ఒక చిన్న ఊరు ఉన్నాయి. 1845లో బెంజమిన్ విల్సన్ అనే ఆయన ఈ లోయకు వచ్చినప్పుడు ఇక్కడ గ్రిజ్లీ జాతి ఎలుగుబంట్లు విస్తారంగా ఉండేవట. అందువలన ఆ పేరు పెట్టారు. ఆ జాతి ఇప్పుడు కాలిఫోర్నియా రాష్ట్ర పతాకం మీద తప్ప ఆ రాష్ట్రంలో ఎక్కడా లేదు. నల్ల ఎలుగుబంట్లు మాత్రం ఉన్నాయి. అందుకే అక్కడ చెత్త డబ్బాలకు కూడా గట్టి గొళ్ళాలు ఉంటాయి.

ఈ సరస్సు మనిషి కట్టినదే. దిగువనున్న రెడ్‌లాండ్స్ ప్రాంతపు నారింజ తోటలకు నీరు కావలసి వచ్చి, ఫ్రాంక్ బ్రౌన్ అనే ఇంజనీరు 1884లో ఇక్కడ రాతి ఆనకట్ట నిర్మించాడు. అది చాలక 1912లో దానికి కొంచెం దిగువన మరింత ఎత్తైన ఆనకట్టను కట్టారు. తోటల కోసం కట్టిన చెరువు క్రమంగా విహార స్థలమైంది. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మా వియ్యంకుడుగారికి ఈ సంగతి ఎంతో నచ్చింది. "ఎక్కడైనా రైతుకు నీరు ఇచ్చిన తరువాతనే మిగిలినవన్నీ" అని రెండు మూడు సార్లు అన్నారు.

సరస్సు ఉత్తరపు ఒడ్డున ఫాన్‌స్కిన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ దేవదారు చెట్ల నడుమ దుంగలతో కట్టిన ఒక ఇంటిని మా అబ్బాయి నాలుగు రాత్రులకు అద్దెకు తీసుకొన్నాడు. ఊరిలోని సందడి వినిపించదు. కావలసినప్పుడు కారులో సరస్సును చుట్టి వచ్చి, పావుగంటలో ఊరికి చేరవచ్చు. అబ్బాయి, కోడలు, పదకొండేళ్ళ మనుమడు, ఏడేళ్ళ మనుమరాలు, మా దంపతులము, కోడలి తల్లిదండ్రులు, మొత్తం ఎనిమిది మందిమి ఒకే వ్యానులో వెళ్ళాము.

వియ్యంకుడుగారి వయస్సు 76 సంవత్సరాలు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఎనిమిదేళ్ళ క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. ప్రాణాపాయం తప్పినా, గుండె కండరం కొంత దెబ్బతినటం వలన రక్తాన్ని తోడే శక్తి తగ్గింది. రక్తపోటుకు, కొలెస్టరాల్‌కు వేసుకొనే మందులతో పాటు, ప్రతి ఉదయం ఫ్యూరోసెమైడ్ అనే మాత్ర కూడా వేసుకోవాలి. శరీరంలో అదనంగా చేరే నీటిని, ఉప్పును మూత్రం ద్వారా బయటకు పంపే మందు ఇది. మన పల్లెలలో దీనిని 'నీరు తీసే మాత్ర' అంటారు.

ఎత్తు చేసే మార్పులు

బిగ్ బేర్ లేక్ సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ కొండల కంటె దాదాపు 800 మీటర్లు ఎక్కువ, ఊటీ కంటె కొంచెం తక్కువ. అర్వైన్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది. అంటే మూడు గంటల లోపల మనిషి ఇంచుమించు ఊటీ అంత ఎత్తుకు చేరతాడన్నమాట.

ఎత్తుకు వెళితే గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకొంటారు. శాతం ఎక్కడైనా ఒకటే, దాదాపు 21. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్లు ఉండే పీడనం ఈ ఎత్తులో 590 దరిదాపులకు పడిపోతుంది. ప్రతి ఊపిరిలోను మనకు అందే ప్రాణవాయువు సుమారు అయిదవ వంతు తగ్గుతుంది. దానిని భర్తీ చేయటానికి శ్వాస కొంచెం వేగమవుతుంది, గుండె కొంచెం ఎక్కువగా కొట్టుకొంటుంది. మొదటి ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది. కొందరికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవటం కలుగుతాయి. ఈ లక్షణాలు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత కనిపిస్తాయి. కొద్దిమందికి 2,000 మీటర్ల దగ్గరే మొదలవుతాయి.

ఈ సంగతులన్నీ బయలుదేరే ముందు రోజు ఇంటిల్లిపాదికీ చెప్పాను. మొదటి రోజు విశ్రాంతిగా ఉండాలని, మద్యం, నిద్రమాత్రలు దగ్గరకు రానీయరాదని, ఎండలో టోపీ పెట్టుకోవాలని చెప్పాను. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత కూడా పెరుగుతుంది. చల్లగాలి వీస్తున్నందున చర్మం మాడుతున్న సంగతి తెలియదు.

గాలి పీడనం తగ్గితే నీరు కూడా తక్కువ వేడికే మరుగుతుంది. ఈ ఎత్తులో 93 డిగ్రీలకే తెర్లుతుంది. మామూలు గిన్నెలో అన్నం పలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. ఈ సూత్రం తెలిసినా తెలియకపోయినా, కుక్కరు లేనిదే మా శ్రీమతి ఎక్కడికీ కదలదు. మూత బిగించిన కుక్కరు లోపల పీడనం పెరుగుతుంది గనుక పప్పు మామూలుగానే ఉడికింది. మనుమడికి ఇది మంచి సైన్సు పాఠమైంది.

దుంగల ఇంట్లో కట్టెల పొయ్యి కూడా ఉంది. జూన్ నెలలో కూడా అక్కడ రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. పొయ్యి వెలిగించే ముందు మా అబ్బాయి గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం బొత్తం నొక్కి, అది మోగుతున్నదో లేదో చూశాడు. ఈ జాగ్రత్త మనవారందరూ నేర్చుకోవలసినది. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకొన్నవారు, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగించినవారు ప్రాణాలు పోగొట్టుకొన్న వార్తలు మన దగ్గర ప్రతి చలికాలంలోను చూస్తూనే ఉంటాము. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది.

ఊరికి రెండు ప్రయాణాలు

గురువారం మధ్యాహ్నానికి ఇంటికి చేరాము. శుక్రవారం ఊరికి వెళ్ళాము. అక్కడివారు 'విలేజ్' అని పిలిచే బజారు పైన్ నాట్ అనే వీధి చుట్టూ ఉంటుంది. బొమ్మల దుకాణాలు, మిఠాయి దుకాణాలు, చలి దుస్తుల దుకాణాలు, వీధి చివరన పడవల రేవు. మనుమరాలికి పడవ ఎక్కాలని ఉంది. ఆదివారం ఉదయానికి టిక్కెట్లు తీసుకొన్నాము.

శనివారం ముందుగా ఆనకట్ట చూసి, ఆ తరువాత ఉత్తరపు ఒడ్డున చదును చేసిన బాట మీద కొంత దూరం నడిచాము. అక్కడి నుండి నీటిలోకి చొచ్చుకొని ఉన్న తెల్లని గోపురం కనిపిస్తుంది. అది 1969లో కాల్టెక్ సంస్థ నిర్మించిన సూర్య పరిశోధనాలయం. నేల త్వరగా వేడెక్కి దాని మీది గాలి కదలాడుతుంది. నీటి మీది గాలి నిలకడగా ఉంటుంది. అందువలన సూర్యబింబం స్పష్టంగా కనిపించటానికి సరస్సులో కట్టారు. వియ్యంకుడుగారు పూర్వం భౌతికశాస్త్రం బోధించినవారు. మనుమడిని పక్కన కూర్చోబెట్టుకొని ఇదంతా ఆయనే వివరించారు. మనుమరాలు మాత్రం జాకీ, షాడో అనే తెల్లతల గ్రద్దల జంట కోసం చెట్ల కొమ్మలు వెదుకుతూనే ఉంది. ఆ జంట గూటిని కెమెరా ద్వారా లోకమంతా చూస్తుంది. ఆ పిల్ల కూడా ఇంటి దగ్గర రోజూ చూస్తుంది.

సాయంత్రం మళ్ళీ ఊరికి వెళ్ళి ఐస్‌క్రీమ్ తిని వచ్చాము. రాత్రి భోజనంలో పులిహోర, ఆవకాయ, అప్పడాలు, పిల్లల కోసం తెచ్చిన నూడుల్స్. పత్రికలలో వచ్చే చిత్రాలలాగ అందరమూ పొయ్యి చుట్టూ చేరి కబుర్లు చెప్పుకొన్నాము. ఆ పూట ఆ ఇంట్లో ఎవరినైనా అడిగితే, ఇంతకంటె ఆరోగ్యకరమైన సెలవు ఉండదనే చెప్పి ఉండేవారు.

మూడవ రాత్రి

రాత్రి రెండు గంటల ప్రాంతంలో నేను లేచాను. ఈ వయస్సులో రాత్రి ఒకసారైనా లేవటం మామూలే. ముందు గదిలో దీపం లేదు. పొయ్యిలో నిప్పు చల్లారిపోయింది. వాలు కుర్చీలో ఎవరో కూర్చొని ఉన్నట్లు అనిపించి దగ్గరకు వెళ్ళాను. వియ్యంకుడుగారు. వీపు వెనుక రెండు దిండ్లు పెట్టుకొని నిటారుగా కూర్చొని ఉన్నారు.

"బావగారూ, నిద్ర పట్టలేదా?" అని అడిగాను.

"కొండ మీద నిద్ర పట్టదని మొన్న మీరే చెప్పారు కదా బావగారూ" అని నవ్వారు. ఆ ఒక్క వాక్యం పూర్తి చేయటానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకొన్నారు.

వైద్యునికి పరీక్షలన్నింటికంటె ముందు కావలసినది రోగి మాటను వినటం. కొండ మీద నిద్ర పట్టనివాడు పక్క మీద పడుకొని దొర్లుతాడు. పడుకోలేక లేచి కూర్చోడు. దీపం వేసి, "పడుకొంటే ఊపిరి ఆడటం లేదా?" అని అడిగాను. తల ఊపారు. ముందు రాత్రి కూడా కొంచెం అలాగే ఉందన్నారు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూశాను. గుంట పడి, అలాగే నిలిచిపోయింది. నా స్టెతస్కోపు పదవీ విరమణ తరువాత కూడా నా సంచిలో ఉంటుంది. వీపు మీద పెట్టి వింటే రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాలలోను సన్నని చిటపట శబ్దాలు వినిపించాయి. రక్తపోటు 180/100.

పల్స్ ఆక్సీమీటర్ ఆయన వేలికి పెడితే 86 చూపింది. అదే పరికరాన్ని నా వేలికి పెట్టుకొన్నాను. 94. అప్పటికే అలికిడికి లేచి వచ్చిన కోడలి వేలికి పెట్టాను. 95. అదే ఇల్లు, అదే ఎత్తు, అదే గాలి. నా వయస్సు కూడా ఆయనకు దగ్గరదే. కనుక ఇది ఎత్తు ఒక్కదాని వలన వచ్చినది కాదు. పొయ్యి సంగతి కూడా ఆలోచించాను. హెచ్చరిక పరికరం మోగలేదు, ఇంట్లో మరెవరికీ తలనొప్పి గాని వికారం గాని లేవు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని మామూలు ఆక్సీమీటర్ మంచి రక్తమే అనుకొంటుంది. ఆ అనుమానం ఉన్నచోట దాని అంకెను నమ్మరాదు.

"నీరు తీసే మాత్ర వేసుకొంటున్నారా బావగారూ?" అని నెమ్మదిగా అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. కోడలు లోపలికి వెళ్ళి ఆయన మందుల సంచి తెచ్చింది. తక్కిన పట్టీలలో ఎన్ని మాత్రలు తగ్గాలో అన్నీ తగ్గాయి. ఫ్యూరోసెమైడ్ పట్టీలో మాత్రం మూడు ఎక్కువ ఉన్నాయి. గురువారం, శుక్రవారం, శనివారం.

మా అబ్బాయి 911కు ఫోను చేయబోతుండగా ఆయన చేయి పట్టుకొని ఆపారు. "వద్దు నాయనా. వేల డాలర్లవుతాయి. ఉన్న మాత్రలు ఇప్పుడు వేసుకొంటాను. పొద్దున్న పిల్లకు పడవ ప్రయాణం కూడా ఉంది" అన్నారు. ఊపిరి అందక కూర్చొన్న మనిషి మనుమరాలి పడవ గురించి ఆలోచిస్తున్నారు.

"ఊపిరితిత్తులలో నీరు చేరిన తరువాత మాత్ర మింగి ఎదురుచూసే వ్యవధి ఉండదు బావగారూ. ఇంజక్షను, ప్రాణవాయువు కావాలి. డబ్బు సంగతి రేపు చూసుకొందాము" అని చెప్పి, కాళ్ళు కిందికి వేలాడేలా కుర్చీ అంచున కూర్చోబెట్టాను. ఆ దేశంలో వైద్యం చేయటానికి నాకు అనుమతి లేదు. ఆ సమయంలో నేను చేయగలిగినది వ్యాధిని గుర్తించటం, సహాయాన్ని ఆలస్యం కానీయకపోవటం. ఇంటి చిరునామా కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. మా అబ్బాయి దానిని చూసి చదివాడు. కొద్ది నిమిషాలలో అంబులెన్సు వచ్చింది. ఆ ఊరిలోనే ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకొని వెళ్ళారు. ఇ.సి.జి. తీసి, కొత్తగా గుండెపోటు రాలేదని తేల్చి, ప్రాణవాయువు పెట్టి, ఫ్యూరోసెమైడ్ నరానికి ఇచ్చారు. తెల్లవారేసరికి లీటరున్నర మూత్రం పోయింది. మధ్యాహ్నానికి ఒక్క దిండుతో పడుకొని నిద్రపోయారు. మరునాడు ఇంటికి పంపారు. అక్కడి నుండి నేరుగా కొండ దిగి వచ్చేశాము.

అసలు జరిగినదేమిటి?

బలహీనపడిన గుండె వచ్చిన రక్తాన్ని వచ్చినట్లు తోడిపోయలేదు. అందుచేత ఉప్పు, నీరు శరీరంలో నిలిచిపోతాయి. ముందు పాదాలలోను, కాళ్ళలోను చేరతాయి. పడుకొన్నప్పుడు ఆ నీరు ఛాతీ వైపు మళ్ళుతుంది. ఊపిరితిత్తులు బరువెక్కి ఆయాసం వస్తుంది. లేచి కూర్చొంటే ఉపశమనం కలుగుతుంది. మూడు రోజులు మాత్ర లేదు. ఆవకాయ, అప్పడాలు, నూడుల్స్ ద్వారా ఉప్పు మాత్రం రెట్టింపుగా అందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునంటుంది. వీటికి తోడు ఎత్తు వలన గుండె మీద అదనపు శ్రమ. ఈ మూడూ కలిశాయి.

కొండ ప్రాంతాలకు వెళ్ళే ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. ఎత్తు వలన కలిగే అస్వస్థత మొదటి రాత్రి ఎక్కువగా ఉండి, ఈ మాదిరి ఎత్తులలో రెండవ, మూడవ రాత్రికి తగ్గుముఖం పడుతుంది. గుండె బలహీనత వలన నీరు చేరితే రోజురోజుకూ పెరుగుతుంది. రెండవ రాత్రి రెండు దిండ్లు, మూడవ రాత్రి కుర్చీ. అలా పెరుగుతున్నప్పుడు "గాలి మారింది, అదే సర్దుకొంటుంది" అనుకోరాదు.

ఎందుకు మానేశారు?

అర్వైన్‌కు వచ్చిన నాలుగు రోజుల తరువాత, ఇద్దరమే పెరటిలో కూర్చొన్నప్పుడు ఈ ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇది.

"ఆ మాత్ర వేసుకొంటే గంటలోపే మొదలవుతుంది. ఆ తరువాత నాలుగైదు సార్లు వెళ్ళవలసి వస్తుంది. కొండ దారి, ఒక పక్క లోయ. కారు ఎక్కడ ఆపగలరు? ఊరిలో తిరుగుతున్నప్పుడు కూడా అంతే. ఒకసారి అడుగుతాను, రెండుసార్లు అడుగుతాను. అల్లుడిని ఎన్నిసార్లని కారు ఆపమనేది బావగారూ?"

నాకు నవ్వు రాలేదు. ఈ మాట నాకు కొత్త కాదు. ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో, దూరపు పల్లెల నుండి ఆర్.టి.సి. బస్సులో వచ్చే గుండె జబ్బువారు సరిగ్గా ఆసుపత్రికి వచ్చే రోజునే ఈ మాత్ర మానేసి వచ్చేవారు. దారిలో బస్సు ఆగదు. ఆడవారి సంగతి మరీ కష్టం. ముందు రోజు సాయంత్రం నుండే మంచినీళ్ళు మానేసేవారు. మూత్రంలో మంట, జ్వరంతో తిరిగి వచ్చేవారు. అది బస్సు, ఇది వ్యాను. అక్కడ మరుగుదొడ్డి లేదు, ఇక్కడ అడగటానికి నోరు రాలేదు. కొండ మీద ఉన్న మూడు రోజులూ మా వియ్యపురాలుగారు కూడా పగటిపూట రెండు గుక్కలకు మించి నీళ్ళు తాగలేదని ఆ తరువాత తెలిసింది.

ఈ సంగతి విని మా అబ్బాయి ఆయన పక్కన వచ్చి కూర్చొన్నాడు. "మామయ్యగారూ, పిల్లవాడు చిన్నప్పుడు వాంతులు చేసుకొంటుంటే ఇదే దారిలో ఆరుసార్లు కారు ఆపాము. మీ కోసం ఆపమా?" అన్నాడు. కోడలు ఏమీ మాట్లాడలేదు. వారం రోజుల గళ్ళున్న మందుల డబ్బా ఒకటి తెచ్చి, తండ్రి మాత్రలన్నీ తానే సర్ది, వంటగదిలో అందరికీ కనిపించేచోట పెట్టింది.

పెద్దలకు నా సూచనలు

1. నీరు తీసే మాత్రను మానరాదు. వేసుకొనే వేళను మార్చుకొనే వీలు చాలామందికి ఉంటుంది. ఫ్యూరోసెమైడ్ మాత్ర ప్రభావం గంటలోపు మొదలై, సుమారు ఆరు గంటలలో ముగుస్తుంది. తెల్లవారుజామున అయిదు గంటలకు వేసుకొంటే పదకొండు గంటలకు నిశ్చింతగా బయలుదేరవచ్చు. లేదా గమ్యం చేరిన తరువాత మధ్యాహ్నం వేసుకోవచ్చు. మీకు ఏది తగినదో బయలుదేరే ముందే మీ వైద్యుని అడగండి. టార్సెమైడ్ వంటి మందులకు, మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులకు కూడా ఈ ప్రశ్న అడగవలసినదే. వాటి వలన కూడా మూత్రం ఎక్కువవుతుంది.

2. గుండె జబ్బు ఉన్నవారు ప్రయాణంలో కూడా రోజూ ఉదయం బరువు చూసుకోండి. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే వైద్యునికి తెలియజేయండి.

3. ప్రయాణంలో ఊరగాయలు, అప్పడాలు, ప్యాకెట్ తిండి మితం చేయండి. పెరుగన్నం, ఇడ్లీ, పండ్లు సరిపోతాయి.

4. పడుకొంటే ఆయాసం, ఛాతీలో బరువు, కొత్తగా కాళ్ళవాపు, మాట్లాడుతుంటే ఊపిరి అందకపోవటం కలిగితే అర్ధరాత్రి అయినా ఇంట్లోవారిని లేపండి.

5. ఖర్చుకు భయపడి ఆగవద్దు. అత్యవసర విభాగానికి వచ్చిన వ్యక్తిని, డబ్బు చెల్లించగలడా లేదా అన్నది చూడకుండా, పరీక్షించి ప్రమాద స్థితి నుండి బయటపడవేయాలని అమెరికాలో 1986లోనే చట్టం చేశారు. బిల్లు తరువాత వస్తుంది. అందుకే ప్రయాణ బీమా తీసుకొనేటప్పుడు, పాత జబ్బు హఠాత్తుగా తీవ్రమైతే ఎంతవరకు ఇస్తారు, వయఃపరిమితి ఏమిటి అన్న వాక్యాలను పిల్లలతో చదివించుకోండి.

పిల్లలకు నా సూచనలు

1. "బాత్రూముకు వెళ్ళాలా?" అని పెద్దవారిని అడిగితే "అక్కరలేదు" అనే అంటారు. అడగకుండా గంటకొకసారి ఆపండి. "నేను కాఫీ తాగాలి" అని మీరే దిగండి. వారు కూడా దిగుతారు.

2. అద్దె ఇల్లు తీసుకొనేటప్పుడు కింది అంతస్తులో స్నానాల గది కలిసి ఉన్న పడకగది పెద్దవారికి ఇవ్వండి. వరండాలో వేడినీటి తొట్టి ఉంటే గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారిని అందులోకి దించకండి. వేడికి రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

3. దగ్గరలోని ఆసుపత్రి, ఇంటి పూర్తి చిరునామా మొదటి రోజే కాగితం మీద రాసి కనిపించేచోట అంటించండి. అటవీ ప్రాంతాలలో ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందవు.

4. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలను 2,000 మీటర్లకు మించిన చోట్లకు తీసుకొని వెళ్ళే ముందు వైద్యుని సలహా తప్పనిసరి. వెళ్ళరాదని కాదు. జబ్బు అదుపులో ఉండి, మందులు సక్రమంగా వేసుకొంటున్నవారు చాలామంది హాయిగా వెళ్ళి రావచ్చు.

5. మాత్రల పట్టీలను మూడు రోజులకొకసారి మీరే లెక్కపెట్టండి.

మా వియ్యంకుడుగారు ఇప్పుడు విజయవాడలో కులాసాగా ఉన్నారు. రోజూ ఉదయం అయిదున్నరకు మాత్ర వేసుకొని, పత్రిక చదివి, తొమ్మిది దాటిన తరువాత బయటకు వెళతారు. దూర ప్రయాణం ఉన్న రోజున ఏ మాత్ర ఏ వేళకు వేసుకోవాలో తన వైద్యునితో కాగితం మీద రాయించుకొన్నారు. ఈ వేసవిలో పిల్లల దగ్గరకు వెళుతున్న పెద్దలందరూ, మందుల సంచి సర్దుకొనే ముందే, అటువంటి కాగితం ఒకటి రాయించుకోవలసినదిగా నా మనవి.